ముందు ఫ్రేము, తర్వాతే ఇంజను

గోదావరి పక్క ఊళ్లలో పాత మోటారుసైకిలు కోసం పెద్దగా వెతకక్కర్లేదు. అరుగు పక్కన గోడకు ఆనించిన రాజ్‌దూతో, గొడ్లపాకలో ఎండుగడ్డి కింద సగం కనబడే బుల్లెట్టో, టైర్లు నేలకు అతుక్కుపోయిన జావానో ఎక్కడో ఒకటి ఉంటుంది. అడిగితే ఇంటివాళ్ల జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది: "నాన్నగారి బండండీ. ఎప్పటికైనా బాగుచేయించాలి."

నన్నడిగితే, అలా వదిలేసిన బండి కంటే ఉత్సాహం కొద్దీ విప్పేసిన బండికే ముప్పు ఎక్కువ. వదిలేసిన బండికి తుప్పు పడుతుంది, అంతే. విప్పిన బండి చెల్లాచెదురవుతుంది. ట్యాంకు రంగులకు వెళ్లి అక్కడే ఉండిపోతుంది. ఇంజను గోనెసంచిలోకి చేరుతుంది. బోల్టులన్నీ ఒకే డాల్డా డబ్బాలో కలిసిపోతాయి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు మొత్తం తూకానికి గుజిరీకి పోతుంది. డబ్బు లేకో, శ్రద్ధ లేకో ఇలా జరిగిందనుకుంటాం. నేను చూసినంతలో శ్రద్ధ బాగానే ఉంటుంది, డబ్బు కూడా ఎంతో కొంత పెడతారు. కాకపోతే ఆ డబ్బంతా కంటికి కనబడేవాటి మీద ముందే అయిపోతుంది. ట్యాంకుకు రంగు, సైలెన్సరుకు క్రోమ్, కొత్త సీటు. తర్వాత ఇంజను. అన్నీ బిగించి రోడ్డెక్కితే బండి ఎడమకు లాగుతుంది. అప్పుడు తెలుస్తుంది ఫ్రేము వంకరని. అప్పటికి జేబులో ఏమీ మిగలదు, మళ్లీ విప్పే ఓపికా ఉండదు.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒకటే. కొలవకముందు రూపాయి ఖర్చు పెట్టకండి, కొలవడం ఫ్రేముతో మొదలుపెట్టండి. ఇష్టమైన వస్తువు దగ్గర మన కళ్లు మనకు నిజం చెప్పవు. స్కేలు చెబుతుంది.

ఒక బండిని ఊహించుకుందాం

పోలవరంలో ఒక బుల్లెట్ 350 ఉందనుకోండి. ఎప్పుడో ట్రాక్టరు తొట్టిని గుద్దింది. ఫోర్కులు మార్చి నడిపారు కానీ ఫ్రేము సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత పొగ కొట్టడం మొదలైంది, పక్కన పెట్టేశారు. ఆపైన 2022 జులై వరదలో మునిగింది.

బుల్లెట్టునే ఎందుకు తీసుకున్నానంటే దాని సామాను దొరుకుతుంది. భారత సైన్యం 1954లో 800 బుల్లెట్లకు ఆర్డరిచ్చింది. మరుసటి ఏడాది మద్రాస్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలిసి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. ఆ పోత ఇనుము ఇంజను చిన్న చిన్న మార్పులతో అర శతాబ్దం పాటు తయారవుతూనే వచ్చింది. కాబట్టి పిస్టను నుంచి ప్యాకింగు దాకా ఇవాళ్టికీ కొనుక్కోవచ్చు. మైసూరులో 1961లో మొదలైన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. జావా, యెజ్డీ ఉన్నవాళ్లు సామాను కోసం కొంచెం ఎక్కువ తిరగాలి. యమహా ఆర్‌ఎక్స్ 100కి సామాను దండిగా ఉంది, నకిలీ సామాను అంతకంటే దండిగా ఉంది. బండి ఏదైనా పని వరస మాత్రం మారదు.

వరద సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద మళ్లీ అప్పుడే. గోదావరి వరద నీళ్లు ఒక్కటే తీసుకురాదు, ఒండ్రు తెస్తుంది. పొలానికి అది బలం, ఇంజనుకు ఆకురాయి పొడి. ఎయిర్ ఫిల్టరు దారిలో కార్బురేటరులోకి, సైలెన్సరు దారిలో వాల్వు దాకా, బ్రీదరు దారిలో క్రాంక్‌కేసులోకి చేరి, నీళ్లు ఆరాక అక్కడే గట్టిపడుతుంది.

అందుకే మునిగిన బండిని "స్టార్టవుతుందేమో చూద్దాం" అని కిక్కు కొట్టకండి. సిలిండరులో నీళ్లుంటే అవి గాలిలా నొక్కుకుపోవు, పిస్టను వాటిని గుద్దుకుంటుంది, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నీళ్లు లేకపోయినా ఎండిన ఒండ్రు చాలు బోరులో గీతలు పెట్టడానికి. ముందు ప్లగ్గు విప్పండి. అడుగున ఆయిల్ డ్రైనులు విప్పి ఏం కారుతుందో ఒక సీసాలో పట్టండి. పాలలాంటి ఆయిలు వస్తే లోపలికి నీళ్లు వెళ్లాయి. ప్లగ్గు రంధ్రంలో ఆయిలు పోసి, రెండు మూడు రోజులు వదిలేసి, ఆ తర్వాత చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి. ఇంజను ఎలాగూ విప్పబోతున్నాం. వైరింగు గురించి ఆలోచన అక్కర్లేదు, మునిగిన వైరింగును మొత్తం మార్చేయడమే.

కాగితాలు

స్పానరు పట్టేముందు ఆర్‌సీ చూడండి. సొంత వాహనానికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు, ఆ పైన అయిదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువలు. ఆర్‌సీ వరదలో పోయుంటే ఫారం 26తో డూప్లికేటు అడగాలి. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉండి ఆయన లేకపోతే వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31. పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల ఇళ్లు ఖాళీచేసి పునరావాస కాలనీలకు వెళ్లినవాళ్లు అడ్రసు కూడా మార్పించుకోవాలి, అది చాలామంది మరిచిపోతారు.

ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఫొటో తీసి, ఆర్‌సీతో అంకె అంకె సరిచూడండి. నంబరున్న చోట గ్రైండరు ఆనించనివ్వకండి, మందంగా రంగు పూయనివ్వకండి. నంబరు కలవకపోతే, కాగితాలు వచ్చే దారి లేకపోతే, ఆ బండి మీద మమకారం ఎంత ఉన్నా పని ఆపేయండి. ఇది కఠినంగా అనిపిస్తుంది. బాగయిన బండిని రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు ఇంకా కఠినంగా ఉంటుంది.

50 ఏళ్లు దాటిన బండికి మరో దారి ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వీఏ అక్షరాలతో విడిగా నంబరు ఇచ్చే పద్ధతి తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. కానీ ఆ బండి రోజువారీ తిరగడానికి పనికిరాదు. పైగా ఫ్రేము, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి, మార్పులు చేసి ఉండకూడదు. ఫ్రేము పని ఎలా చేయిస్తామన్నది చివరికి కాగితం దాకా వస్తుందన్నమాట.

దారం, సుద్దపొడి

ఇప్పుడు ఫ్రేము. బండిని ఇంకా విప్పకండి. చక్రాలతో ఉన్నప్పుడే మొదటి కొలత తీయాలి. చదునైన చోట నిటారుగా నిలబెట్టండి, గచ్చు అరుగైతే మంచిది. పాత బుల్లెట్టు 350కి ముందూ వెనకా టైర్లు ఒకే 3.25–19 సైజు, అది మన అదృష్టం. వెనక టైరు చుట్టూ దారం తిప్పి, రెండు పక్కల నుంచీ ముందు చక్రం దాకా బిగువుగా లాగి పట్టుకోండి. నేల నుంచి ఎంత ఎత్తు వీలైతే అంత ఎత్తులో. రెండు దారాలూ రెండు టైర్ల అంచుల్ని ఒకేలా తాకాలి. ఒక పక్క ముందు టైరుకూ దారానికీ సందు కనబడితే ఆ సందును మిల్లీమీటర్లలో రాసుకోండి. తర్వాత చెయిన్ అడ్జస్టర్లు సరిచేసి మళ్లీ కొలవండి, చాలా వంకరలు అక్కడే పోతాయి. అప్పటికీ మిగిలిన తేడా మాత్రమే ఫోర్కుదో ఫ్రేముదో.

ఫోర్కు సంగతి తేల్చడం తేలిక. గొట్టాలు ఊడదీసి అద్దం పలక మీద దొర్లించండి. వంగిన గొట్టం కింద వెలుతురు కనబడుతుంది. ఫోర్కు సరిగా ఉంటే ఇక నేరం ఫ్రేముదే. దెబ్బ ముందు నుంచి తగిలిన బండిలో మొదట వంగేది హ్యాండిలు కాలమ్ ఉండే మెడ భాగం. దాని కింద ముందు గొట్టం మీద చెయ్యి పెట్టి నిమరండి. చిన్న ముడత చేతికి తగులుతుంది, కంటికి రంగు కింద దాక్కుంటుంది.

పగుళ్ల కోసం పాతకాలపు పరీక్ష ఒకటుంది, ఏ మిషనూ అక్కర్లేదు. మెడ దగ్గర, ఇంజను బోల్టుల చెవుల దగ్గర, స్వింగ్‌ఆర్మ్ ఇరుసు దగ్గర, స్టాండు బ్రాకెట్టు దగ్గర రంగు గీకి శుభ్రం చేయండి. కిరసనాయిలు రాసి పది నిమిషాలు ఆగండి. రేషను షాపులో కిరసనాయిలు దొరకని రోజులివి, డీజిలైనా సరే. పొడిగుడ్డతో బాగా తుడిచి, మెత్తని సుద్దపొడి చల్లండి. పగులుంటే అందులో దాగిన నూనె సుద్దలోకి ఎక్కి సన్నని తడి గీత తేలుతుంది. అది రాకపోతే హాయిగా నిద్రపోండి.

మునిగిన ఫ్రేముకు ఇంకో పరీక్ష కూడా చేయాలి. నీళ్లు గొట్టాల లోపలికి వెళ్లి తుప్పు లోపలి నుంచి తింటుంది. చిన్న సుత్తితో గొట్టం పొడవునా తట్టుకుంటూ పోండి. ఖంగుమన్న చోట ఫర్వాలేదు. మొద్దుగా మోగిన చోట సెంటర్ పంచి పెట్టి ఒక దెబ్బ కొట్టండి. లోపలికి దిగబడితే ఆ గొట్టం పని అయిపోయింది.

బుల్లెట్టు ఫ్రేములో ఒక విశేషముంది. ఇంజను కింద గొట్టం ఉండదు. ముందు గొట్టం క్రాంక్‌కేసు దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి వెనక దాకా ఫ్రేమును కలిపి ఉంచేది ఇంజనే. అందువల్ల ఇంజను తీసేసి ఖాళీ ఫ్రేము మీద వెల్డింగు చేయిస్తే వేడికి గొట్టాలు ఎటో అటు లాగుతాయి. తర్వాత ఇంజను బోల్టులు రంధ్రాల్లోకి దిగవు. మేస్త్రీలు రంధ్రాన్ని సాగదీసి బోల్టు దింపుతారు. వంకర అక్కడితో శాశ్వతమవుతుంది. పనికిరాని పాత క్రాంక్‌కేసు ఒకటి గుజిరీలో కొని, దాన్ని బిగించి అతుకు వేయించండి.

సరిచేయించడం మాత్రం ఇంటి దగ్గర పని కాదు. రోడ్డు పక్కన కట్టరు మంటతో ఎర్రగా కాల్చి గడ్డపారతో వంచేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. మెడలోంచి ఇనుప కడ్డీ దింపి, ఫ్రేమును జిగ్గులో బిగించి, జాకీతో చల్లగా కొంచెం కొంచెం నెట్టుతూ కొలిచేవాళ్లు కావాలి. రాజమండ్రిలో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ వాకబు చేయండి. అడగాల్సిన ప్రశ్న "ఎంతవుతుంది?" కాదు, "మీరు ఎలా కొలుస్తారు?" అన్నది. దానికి జవాబు చెప్పలేని చోట బండి దింపకండి. ముడత పడిన గొట్టాన్ని నిటారు చేసినా బలం రాదు. ఆ ముక్క కోసేసి, లోపల స్లీవు గొట్టం పెట్టి కొత్త ముక్క అతికించాలి. మెడ లగ్గే పగిలితే నా సలహా ఒకటే, ఆ ఫ్రేము వదిలేయండి. అంతదాకా ఖర్చయింది దారం, సుద్దపొడి, రెండు సాయంత్రాలు. ఈ వరస వల్ల లాభం ఇదే, ఆపాల్సి వచ్చినా నష్టం చిన్నది.

బోరుకొచ్చిన ఇంజను

ఫ్రేము పాసయ్యాకే ఇంజను. ఇక్కడా విప్పకముందు తెలుసుకోగలిగింది చాలా ఉంది. వరదలో మునగని బండైతే ఎప్పుడు పొగ కొడుతుందో గమనించండి. యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు నీలం పొగ వస్తే రింగులు, బోరు. ఖాళీగా తిరిగాకో, దిగుడులో యాక్సిలరేటరు వదిలి మళ్లీ ఇచ్చినప్పుడో భుగ్గుమంటే వాల్వు గైడులు. కంప్రెషన్ లేకపోతే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ చూడండి. పుంజుకుంటే రింగుల దగ్గర లీకు, మార్పు లేకపోతే వాల్వుల దగ్గర. రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోకులకు ఈ పొగ లెక్క పనికిరాదు, వాటికి పొగ పుట్టుకతోనే ఉంది.

హెడ్డు తీశాక సిలిండరు పై అంచు కింద గోరు పెట్టి కిందికి జరపండి. రింగు పైకొచ్చి ఆగే చోట మెట్టులా తగిలితే అరుగుదల ఎక్కువే. పాత బుల్లెట్టు బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. బోరు గేజీతో పైన, మధ్యన, కింద కొలిపించండి. ప్రతి చోటా రెండు కొలతలు, ముందు నుంచి వెనక్కి ఒకటి, ఎడమ నుంచి కుడికి ఒకటి. ఆరు అంకెలు. వాటిని లేతు ఆయన నోటి మాటగా చెప్పి వదిలేస్తే ఒప్పుకోకండి, చీటీ మీద రాయించుకోండి.

లేతు దగ్గర మాటలు ఇలా సాగుతాయి.

"ఏవండీ, ఇది ఇదివరకే ఒకసారి బోరు కొట్టించారండి. ఇప్పుడు ఒక మిల్లీమీటరు సైజుకు వెళ్లాలండి."

"ఆ పైన?"

"ఆ పైన సైజు పిస్టను దొరకదండి. ఈసారి అరిగిందంటే స్లీవు కొట్టించుకోవడమేనండి."

"అలాగైతే పిస్టను నేనే తెస్తానండీ. దాన్ని కొలిచి బోరు కొట్టండి."

ఆ ఆఖరి మాట గుర్తుంచుకోండి. డబ్బా మీద సైజు చూసి బోరు కొట్టకూడదు, చేతిలో ఉన్న పిస్టనును మైక్రోమీటరుతో కొలిచి దానికి తగ్గట్టు కొట్టాలి. కొత్త రింగును ఒక్కదాన్నే సిలిండరులోకి నెట్టి కొసల మధ్య సందు ఫీలరు గేజీతో చూడండి. సాధారణ లెక్క ప్రతి 25 మిల్లీమీటర్ల బోరుకూ 0.1, అంటే మన బండికి దాదాపు 0.3 మిల్లీమీటరు. సందే లేకపోతే వేడికి రింగు సాగి సిలిండరును గీరేస్తుంది.

క్రాంకు దగ్గర చాలామంది మోసపోతారు. కనెక్టింగ్ రాడ్డు పక్కలకు కొంచెం ఆడడం సహజం, దాని కోసం క్రాంకు విప్పించకండి. పైకీ కిందికీ టకటకమంటే మాత్రం బిగ్ ఎండు పోయినట్టు. బోరుకు పెట్టి, బిగ్ ఎండు వదిలేసి "తర్వాత చూద్దాం" అనేవాళ్లు అదే ఇంజనును మళ్లీ విప్పుతారు. మునిగిన ఇంజనులో బేరింగులు ఎలా కనబడ్డా మార్చేయండి, ఒండ్రు గోళీల మధ్య నుంచి పూర్తిగా పోదు. క్రాంక్‌కేసులో ఆయిలు నడిచే దారులన్నిటినీ డీజిలుతో కడిగి గాలి కొట్టించాలి. ఎన్నిసార్లన్నది నేను చెప్పలేను, గుడ్డ మీద మట్టి రంగు రాకుండా పోయేదాకా.

బిగించేటప్పుడు చూడాల్సినవి తక్కువే. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు. ట్యాపెట్లకు ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్డు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

మధ్యలో వదిలేయకుండా

ఇలాంటి పని నెలలు పడుతుంది. ఓపిక ఉన్నవాళ్లే చేయగలరంటారు. ఓపికను ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కర్లేదు, వెతుకులాట తగ్గిస్తే అదే మిగులుతుంది. విసుగు పుట్టేది పని దగ్గర కాదు, ఆ నట్టు ఎక్కడ పెట్టామో తెలియక అరగంట తడుముకున్నప్పుడు. ఒక్కో భాగానికి ఒక్కో సంచి, సంచిలో చీటీ. విప్పేముందు ఫోనుతో ఫొటో. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్లు: ఎంత ఉండాలి, ఎంత ఉంది, ఏం చేయాలి. మూడో గడి నిండని భాగం మీద డబ్బు పెట్టకూడదని ఇంట్లోవాళ్ల ముందు చెప్పండి. వాళ్లు మీకంటే బాగా గుర్తుంచుకుంటారు.

పాత సామాను కూడా అప్పుడే పారేయకండి. న్యూజిలాండులోని ఇన్వర్‌కార్గిల్‌లో బర్ట్ మన్రో అనే ఆయన 1920 నాటి ఇండియన్ స్కౌట్ బండిని దశాబ్దాల పాటు తన షెడ్డులో మారుస్తూ పోయాడు. పిస్టన్లు తనే పోత పోసుకునేవాడు. పేలిపోయిన ప్రతి ముక్కనూ అలమరాలో వరసగా పెట్టాడు. వేగపు దేవుడికి నైవేద్యాలని వాటికి పేరు. 1967లో, 68వ ఏట, అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో ఆ బండితోనే గంటకు 183 మైళ్లు దాటి తన తరగతిలో రికార్డు పెట్టాడు. మనకు రికార్డు అక్కర్లేదు గానీ ఆ అలమరా కావాలి. విరిగిన ముక్క ఎక్కడ విరిగిందో చూస్తే కొత్తది ఎందుకు విరగబోతోందో తెలుస్తుంది. లేతు ఆయనకు నమూనాగానూ అదే పనికొస్తుంది.

బండి స్టార్టయిన రోజు ఊరంతా తిప్పాలనిపిస్తుంది. మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటకండి. ఇద్దరెక్కకండి, ఒకే వేగంతో ఎక్కువసేపు పోనివ్వకండి. పట్టిసీమ, గూటాల, తాళ్లపూడి మీదుగా కొవ్వూరు దాకా గోదావరి పక్క దారి ఇందుకు బాగా పనికొస్తుంది. ఊళ్ల దగ్గర వేగం తగ్గించక తప్పదు కాబట్టి ఇంజనుకు కావలసిన ఎగుడుదిగుడు వేగం దానంతటదే దొరుకుతుంది. మొదటి వంద కిలోమీటర్లకు ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు, ట్యాపెట్లు మళ్లీ చూడండి. ఆయిలు వేడిగా ఉండగా దింపి తెల్లగుడ్డలో వడకట్టండి. బూడిదరంగు మెరుపు ఉంటే మామూలే, కొత్త రింగులు సర్దుకుంటున్నాయి. అయస్కాంతానికి అంటని పసుపు పచ్చ రేకులు కనబడితే ఏదో బుష్షు అరుగుతోంది, బండి అక్కడే ఆపేయండి. అదే రోజు గచ్చు మీద నిలబెట్టి దారం మరోసారి కట్టి చూడండి. నోటుపుస్తకంలోని పాత అంకెకూ దీనికీ తేడా వస్తే వెల్డింగు దగ్గర రంగు గీకి సుద్దపొడి చల్లాలి. తేడా లేకపోతే ట్యాంకును రంగులకు ఇవ్వచ్చు.